పిల్లి తిరిగే ఇంట్లో ఏ మొక్క పెట్టుకోవాలి?



పనులు చేసుకుంటూ రేడియో వినేవాళ్లే ఎక్కువ. ఈ ప్రసంగం చివరిదాకా వినే తీరిక అందరికీ ఉండదు. అందుకని అన్నిటికన్నా ముఖ్యమైన మాట ముందే చెప్పేస్తాను. మీ ఇంట్లో పిల్లి ఉంటే లిల్లీని గడప దాటి లోపలికి రానివ్వకండి. కుండీలో మొక్కగా వద్దు, బొకేలో పువ్వుగానూ వద్దు. మిగతా చాలా మొక్కల విషయంలో అటూ ఇటూ ఆలోచించుకోవచ్చు. దీని విషయంలో ఆలోచనే అక్కర్లేదు.

ఏ లిల్లీ అన్నది కూడా వెంటనే చెప్పాలి. మన పూలబజార్లలో ఆ పేరుతో చాలా పూలు చలామణీ అవుతున్నాయి. గుడిమల్కాపూర్ మార్కెట్లో కిలోల లెక్కన తూచి అమ్మే, దండల్లో గుచ్చే తెల్లటి లిల్లీ, అంటే నేలసంపెంగ, నేను చెప్పేది కాదు. అది వేరే కుటుంబం. నేను చెప్పేది బొకేల్లో కనిపించే పెద్ద పువ్వు. అరచేయంత విప్పారుతుంది. ఆరు రేకులుంటాయి. తెలుపు, గులాబీ, నారింజ, పసుపు, ఏ రంగైనా కావచ్చు. మధ్యలోంచి ఆరు పొడవాటి కేసరాలు బయటికి వస్తాయి. వాటి కొసల నిండా ముదురు గోధుమరంగు పుప్పొడి ఉంటుంది. చొక్కాకు అంటితే ఓ పట్టాన వదలదు. ఏషియాటిక్ లిల్లీ, ఓరియెంటల్ లిల్లీ, ఈస్టర్ లిల్లీ, టైగర్ లిల్లీ అని రకరకాల పేర్లు పెట్టి అమ్ముతారు. అన్నీ లిలియం అనే ఒకే ప్రజాతి. వీటితో పాటు డే లిల్లీ అని తోటల్లో బాటలవెంట పెంచే మొక్క ఒకటుంది. ఒక్కో పువ్వు ఒక్క రోజే నిలుస్తుంది. ప్రజాతి వేరు, హెమెరోకాలిస్ అంటారు. పిల్లికి చేసే హాని మాత్రం అదే.

ఆకు కొరికినా ప్రమాదమే, రేకు నమిలినా ప్రమాదమే, పూలు పెట్టిన గాజు కూజాలోని నీళ్లు తాగినా ప్రమాదమే. అసలు కొరకనక్కర్లేదు. టీపాయ్ మీద ఉన్న బొకే పక్కనుంచి నడిచి వెళ్తే పుప్పొడి వీపు మీద రాలుతుంది. పిల్లి ఒళ్లు శుభ్రం చేసుకోవడానికి నాక్కుంటుంది కదా, అలా లోపలికి పోతుంది. కొన్ని గంటల్లో వాంతులు మొదలవుతాయి. చొంగ కారుస్తుంది, తిండి మానేస్తుంది, ఏ మంచం కిందో ముడుచుకుని పడుకుంటుంది. తర్వాత కాస్త తేరుకున్నట్టు కనిపించవచ్చు. దయచేసి ఆ తేరుకోవడాన్ని నమ్మకండి. లోపల మూత్రపిండాలు పాడవుతూనే ఉంటాయి. మూడు రోజులు తిరక్కుండానే అవి పూర్తిగా పనిచేయడం మానేయవచ్చు. మూత్రం రావడం ఆగిపోయాక డాక్టరు చేయగలిగేది చాలా తక్కువ. అదే 18 గంటల్లోపు తీసుకెళ్లి సెలైన్ ఎక్కించడం మొదలుపెడితే చాలా పిల్లులు బతికి బయటపడతాయి. కుక్క ఇదే పువ్వును తింటే కడుపు పాడై వాంతి చేసుకుంటుందేమో గానీ దాని మూత్రపిండాలు ఇలా దెబ్బతినవు. పువ్వులోని ఏ పదార్థం పిల్లికి ఇంత చేటు చేస్తోందో శాస్త్రజ్ఞులు ఇంకా విడదీసి చూపలేదు. విరుగుడు మందంటూ కూడా ఏదీ లేదు.

కాబట్టి పుట్టినరోజుకో గృహప్రవేశానికో ఎవరైనా లిల్లీల బొకే తెస్తే మొహమాటపడకండి. సంతోషంగా తీసుకోండి, వాళ్లు వెళ్లగానే పిల్లి లేని ఇంటికి పంపేయండి. పువ్వుల మధ్యనుంచి లిల్లీ ఒక్కటీ తీసేసి మిగతావి ఉంచుకుందామని కూడా అనుకోవద్దు. పుప్పొడి అప్పటికే మిగతా ఆకుల మీద రాలి ఉంటుంది.

పిల్లి శరీరం గురించి రెండు మాటలు చెప్పాలి. పిల్లి పుట్టుకతో మాంసాహారి. ఆకులూ కాయలూ తిని బతికే జంతువుల కాలేయంలో, మొక్కల్లోని రసాయనాలను విరిచి బయటికి పంపే ఏర్పాట్లు బాగా ఉంటాయి. తరతరాలుగా మాంసం మీదే బతికిన పిల్లికి వాటిలో కొన్ని లేకుండా పోయాయి. మనం జ్వరానికి వేసుకునే పారాసెటమాల్ పిల్లి ప్రాణం తీయడానికి కారణం ఇదే. దాన్ని హరాయించుకునే ఎంజైమ్ పిల్లిలో పనిచేయదు. మొక్క తిని పిల్లి నలతగా ఉందని ఇంట్లో ఉన్న మాత్ర సగం విరిచి వేయడం మంచితనంతో చేసే పనే అయినా ఫలితం ఘోరంగా ఉంటుంది. మనకు పడింది దానికి పడుతుందని గానీ, కుక్క తిని బతికింది కాబట్టి పిల్లీ బతుకుతుందని గానీ అనుకోవడానికి లేదు.

లిల్లీ తర్వాత ప్రాణం తీసే మొక్కల్లో మొదటిది సైకాస్. సాగో పామ్ అనే పేరుతో అమ్ముతారు. కొత్త విల్లాల ముందు, అపార్ట్‌మెంట్ల లాబీల్లో తప్పకుండా ఉంటుంది. పామ్ అన్నంత మాత్రాన తాటి, కొబ్బరి జాతి అనుకోవద్దు. వాటితో దానికి ఏ చుట్టరికమూ లేదు. పొట్టిగా గరుకుగా ఉండే మొద్దు, దాని నెత్తిన గుండ్రంగా పరుచుకున్న ఆకులు, ముట్టుకుంటే గుచ్చుకునే ఆకు కొసలు, ఇవీ దాని గుర్తులు. చెట్టంతా విషమే, విత్తనాల్లో మరీ ఎక్కువ. కాలేయం దెబ్బతింటుంది.

గన్నేరు సంగతి మన పల్లెల్లో ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. గన్నేరుపప్పు అన్న మాట వింటేనే పెద్దవాళ్లు ఉలిక్కిపడతారు. ఎర్రగన్నేరైనా పచ్చగన్నేరైనా గుండె లయను తప్పించే పదార్థాలు అందులో ఉన్నాయి. ఈ మధ్య మేడల మీద, బాల్కనీల్లో అందరూ ముచ్చటపడి పెంచుతున్న అడీనియం ఆ గన్నేరు కుటుంబానిదే. ఎడారి గులాబీ అంటున్నారు గానీ గులాబీకీ దానికీ సంబంధం లేదు. లావుపాటి మొదలు, గులాబీరంగు పూలు చూడటానికి చాలా బాగుంటాయి. పిల్లి ఉన్న ఇంట్లో మాత్రం ఆ ముచ్చట వదులుకోవాల్సిందే. చలికాలంలో నర్సరీల్లో గుత్తులు గుత్తులుగా పూసి ఉండే కలంచో కూడా గుండె మీద పనిచేసే విషం ఉన్న మొక్కే. మూత్రపిండాల్లో రాళ్లకని చాలామంది ఇళ్లలో పెట్టుకునే రణపాల దానికి దగ్గరి బంధువు. రాలిన రణపాల ఆకు అంచుల వెంట బుల్లి బుల్లి పిలకలు పుట్టి నేలంతా మొలుస్తాయి కాబట్టి కుండీని పైన పెట్టినా లాభం లేదు.

ఇక అందరి ఇళ్లలో ఉండే మనీప్లాంట్ దగ్గరికి వస్తాను. ఈ పేరు వినగానే చాలామంది గుండె గుభేలుమంటుందని తెలుసు. ఒకరింట్లోంచి అడక్కుండా తుంచుకొచ్చి పెడితేనే కలిసొస్తుందని నమ్మి మరీ పెంచుకున్న తీగ. భయపడకండి, ఇది లిల్లీ లాంటిది కాదు. దీని స్వభావం తెలుసుకోవడానికి మన వంటిల్లు చాలు. కందకు లేని దురద కత్తిపీటకెందుకు అన్నారు కదా. కంద కోసేటప్పుడు చేతులు ఎందుకు దురదపెడతాయి? ఉడకని చేమదుంప నాలుకకు తగిలితే ఎందుకు గీరుకుపోతుంది? వాటి కణాల్లో కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు సూదుల కట్టలుగా పేర్చి ఉంటాయి. కొరకగానే ఆ సూదులు బయటికి చిమ్మి నోట్లో, గొంతులో గుచ్చుకుంటాయి. మనీప్లాంట్ ఆ కంద, చేమల కుటుంబంలోదే. ఫిలోడెండ్రాన్, మాన్‌స్టెరా, సింగోనియం, అగ్లోనీమా, ఆంథూరియం, కలేడియం, జీజీ ప్లాంట్, అన్నీ అదే కుటుంబం. పీస్ లిల్లీ కూడా. తెల్లటి దొప్ప లాంటి ఒకే రేకు, మధ్యలో గింజలు పేర్చినట్టున్న కాడ ఉంటాయి దానికి. పేరు లిల్లీయే అయినా మూత్రపిండాల జోలికి పోదు, నోరు మాత్రం మండిస్తుంది.

పిల్లి మనీప్లాంట్ ఆకు కొరికితే వెంటనే వదిలేస్తుంది. చొంగ కారుస్తుంది, ముందుకాలితో మూతి రుద్దుకుంటుంది, ఒకటి రెండు వాంతులు కావచ్చు. నోరు నీళ్లతో తుడిచి, కాస్త పాలో పెరుగో నాకిస్తే మంట తగ్గుతుంది. చాలావరకు కొన్ని గంటల్లో సర్దుకుంటుంది. గొంతు వాచి ఊపిరి కష్టమైతే మాత్రం ఆలస్యం చేయకూడదు. నా అభిప్రాయం ఏమిటంటే, ఇంట్లో పెద్దపిల్లి ఉండి, ఏళ్లుగా అది ఆ తీగ వంక చూడకుండా ఉంటే మనీప్లాంట్‌ను పీకి పారేయనక్కర్లేదు. వేలాడే కొసలను కత్తిరించి, తీగను గోడకు ఎక్కించండి. కదిలే కొస కనిపిస్తే ఏ పిల్లీ ఊరుకోదు. కొత్తగా కూనను తెచ్చుకుంటున్నారంటే మాత్రం ఏడాదిపాటు ఆ కుటుంబం మొక్కలేవీ ఇంట్లో వద్దు. కూన కనిపించిన ప్రతిదాన్నీ నోటితోనే పరిచయం చేసుకుంటుంది. డైఫెన్‌బాకియాను ఎప్పుడూ వద్దంటాను. ఆకుల మీద తెల్లటి మచ్చలుండే ఆ మొక్క నమిలితే మనుషులకే నాలుక వాచి మాట పడిపోయేంత పని అవుతుంది.

మొక్కను అటక మీదో అల్మారా మీదో పెడతామంటారు కొందరు. అది కుక్క ఉన్న ఇంటికి పనికొచ్చే ఉపాయం. ఎత్తు అంటే పిల్లికి ఆహ్వానం.

కడుపును మాత్రం కలచివేసే మొక్కలు ఇంకొన్ని ఉన్నాయి. కలబంద, స్నేక్ ప్లాంట్, జేడ్, చామంతి, డ్రసీనా తింటే వాంతులు, విరేచనాలు అవుతాయి. ఆఫీసు బల్లల మీద, బహుమతుల్లో కనిపించే లక్కీ బ్యాంబూ వెదురు కాదు, డ్రసీనాయే. ఫెర్న్ పేరుతో అమ్మే ఆస్పరాగస్ ఫెర్న్ కూడా ఫెర్న్ కాదు. అది మన పిల్లిపీచరకు చుట్టం, దాని కాయలు కడుపుకు పడవు. వీటితో ప్రాణం పోవడం అరుదే. అయినా వాంతులతో పిల్లి ఒంట్లో నీరు తగ్గిపోతే మన ఎండల్లో అది చిన్న విషయం కాదు.

ఇన్ని వద్దన్నాక, ఏవి పెట్టుకోవాలో తీరిగ్గా చెప్పాలి కదా. అమెరికాలో 1866 నుంచి జంతు సంరక్షణ కోసం పనిచేస్తున్న ఏఎస్‌పీసీఏ అనే సంస్థ, పెంపుడు జంతువులకు ఏ మొక్క హాని, ఏది కాదు అని శాస్త్రీయ నామాలతో సహా జాబితా ఒకటి తయారుచేసింది. అందులో పిల్లికి హాని లేదన్న మొక్కల్లోంచి మన వాతావరణంలో బతికేవి ఏరి చెబుతాను.

ఒకే ఒక్క మొక్క కొనమంటే అరెకా పామ్ కొనమంటాను. మడగాస్కర్ దీవి నుంచి వచ్చి మన ఊళ్లలో స్థిరపడిపోయింది. మొదట్లోనే పిలకలు పిలకలుగా సన్నటి పసుపుపచ్చ కాండాలు లేస్తాయి, ఆకులు మెత్తగా వాలి ఉంటాయి. ఇందాక చెప్పిన సైకాస్‌తో పోల్చి చూస్తే ఇక ఎప్పటికీ పొరబడరు. కిటికీ పక్కన వెలుతురుంటే చాలు. పిల్లి ఆకు కొసలు చీల్చి పెట్టినా, నాలుగు ముక్కలు మింగినా హాని లేదు. అరెకా చాలా పెద్దదవుతుందనుకుంటే పార్లర్ పామ్ ఉంది. వెలుతురు తక్కువ ఉన్న గదిలోనూ నెమ్మదిగా పెరుగుతుంది.

స్పైడర్ ప్లాంట్ మరో మంచి మొక్క. పచ్చటి సన్నటి ఆకు మధ్యలో తెల్లటి చార, తీగల కొసన వేలాడే పిల్లమొక్కలు. పిల్లులకు ఇదంటే మహా ఇష్టం. మొక్క అందం చెడుతుందే తప్ప పిల్లికి ఏమీ కాదు. మరీ ఎక్కువ మింగితే ఒక వాంతి చేసుకుంటుంది, అంతే. పిల్లమొక్కల్ని తుంచి వేరే కుండీల్లో పెట్టుకుంటూ పోతే ఒకటి పాడైనా ఇంకొకటి ఉంటుంది.

కలబంద ఆకారం మీకు ఇష్టమైతే దాని బదులు హవర్తియా పెట్టుకోండి. చిన్నగా, గట్టిగా, తెల్లటి చారలతో అచ్చం బుల్లి కలబందలా ఉంటుంది. చీకటి మూలకు స్నేక్ ప్లాంట్ పెట్టాలనుకునేవాళ్లకు ఆస్పిడిస్ట్రా ఉంది. నీళ్లు మరిచిపోయినా తట్టుకుంటుంది. ఆకుల రంగుల కోసం అగ్లోనీమా కొనేవాళ్లు కలాథియా, పెపరోమియా చూడండి. కలాథియా విషయంలో ఒక ఇబ్బంది ఉంది. హైదరాబాద్ బోరునీళ్లు కఠినంగా ఉంటాయి, వాటితో తడిపితే దాని ఆకు అంచులు మాడిపోతాయి. వాననీళ్లు పట్టి ఉంచుకోగలిగితేనే తెచ్చుకోండి. బోస్టన్ ఫెర్న్ కూడా పిల్లికి నిరపాయమే. విశాఖలోనూ కోనసీమలోనూ గాలిలో తేమకు అది గుబురుగా పెరుగుతుంది. రాయలసీమ, తెలంగాణ వేసవిలో మాత్రం దాన్ని కాపాడటం కష్టం. ఫలనాప్సిస్ ఆర్కిడ్లు, హోయా తీగ, ఆఫ్రికన్ వయొలెట్లు పూల మీద మోజున్నవాళ్లకు.

బాల్కనీలో ఎండ పడితే ఇంకేం కావాలి, మన మల్లె ఉంది. మల్లె, జాజి లాంటి అసలైన జాస్మిన్లు పిల్లికి హాని చేయవు. రాత్రిపూట ఘాటుగా గుబాళించే నైట్ క్వీన్‌ను కూడా జాస్మిన్ అని అమ్ముతారు. అది వంకాయ కుటుంబపు విషపు మొక్క, దాన్ని మల్లెతో కలపొద్దు. గులాబీలోనూ విషం లేదు, ముళ్లు తప్ప. పెద్ద కుండీలో అరటి పిలక పెట్టుకున్నా ఇబ్బంది లేదు.

నర్సరీకి వెళ్లినప్పుడు ఒక అలవాటు చేసుకోండి. అది కడియం అయినా మీ వీధి చివరి బండి అయినా సరే, వాడుక పేరుతో సరిపెట్టుకోకుండా శాస్త్రీయ నామం అడగండి. కడియం, కడియపులంక వైపు తరాలుగా మొక్కలతోనే బతుకుతున్న రైతులకు ఆ పేర్లు కంఠతా వస్తాయి. తెలియకపోతే ఫొటో తీసుకుని, ఇంటికొచ్చి సరిచూసుకుని, మర్నాడు కొనండి. ఒక్క రోజులో మొక్కకేమీ కాదు.

మొక్క నిరపాయమైనదైనా కుండీలో వేసేవన్నీ నిరపాయం కావు. పురుగుకని మట్టిలో కలిపే గుళికల మందు పిల్లి ఉన్న ఇంట్లో ఉండనే కూడదు. నర్సరీలో మందు కొట్టిన మొక్క అయి ఉండవచ్చు కాబట్టి తెచ్చిన వెంటనే ఆకులన్నీ నీళ్లతో కడిగి, కొన్ని రోజులు పిల్లికి అందనిచోట ఉంచండి. కుండీ మట్టిని పిల్లి మరుగుదొడ్డిగా వాడుకుంటుంటే మట్టి మీద పెద్ద పెద్ద గులకరాళ్లు పరిస్తే మానేస్తుంది.

అసలు మాంసం తినే పిల్లికి ఆకుల మీద ఎందుకీ ఆశ? కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణంలోని పశువైద్య పరిశోధకులు వెయ్యిమందికి పైగా పిల్లుల యజమానులను అడిగి తెలుసుకున్నారు. 71 శాతం పిల్లులు కనీసం ఆరుసార్లు మొక్కలు తింటూ వాళ్ల కంటపడ్డాయి. ఒంట్లో బాగాలేకే గడ్డి తింటుందని మనం అనుకుంటాం గానీ, ఎక్కువ పిల్లులు తినేముందు ఆరోగ్యంగానే ఉన్నాయి. తిన్నాక తరచూ వాంతి చేసుకునేవి నాలుగోవంతుకు కాస్త పైన మాత్రమే. అడవిలో బతికిన పూర్వీకులు కడుపులోని పురుగుల్ని బయటికి నెట్టడానికి గడ్డి తినేవని, ఆ అలవాటే ఇంటిపిల్లికీ మిగిలిందని ఆ పరిశోధకుల ఆలోచన. అంటే ఇది తిట్టి మాన్పించగలిగే చెడ్డ బుద్ధి కాదు. పెరట్లో తిరిగే పిల్లి తనకు కావలసిన గరికను వెతుక్కుంటుంది. ఐదో అంతస్తులో, బాల్కనీకి వల కట్టిన ఫ్లాట్లో ఉండే పిల్లికి గరిక ఎక్కడిది? ఎదురుగా ఉన్న కుండీయే దిక్కు.

అందుకే దానికంటూ ఒక కుండీ పెట్టండి. పెళ్లిళ్లలో నవధాన్యాలు మొలకెత్తించినట్టే. గుప్పెడు గోధుమలు రాత్రంతా నానబెట్టి, వెడల్పాటి మూకుడులో మట్టిపోసి చల్లి, పైన పలచగా మట్టి కప్పితే వారం పది రోజుల్లో జానెడు గడ్డి వస్తుంది. విత్తనాల కొట్టులో గోధుమలు కొనొద్దు, వాటికి మందు పట్టించి ఉంటారు. కిరాణా కొట్టులోవి తెచ్చుకోండి. పసుపురంగుకు తిరిగాక తీసేసి, ఇంకో మూకుడు సిద్ధంగా ఉంచుకోండి. గరికైనా మంచిదే, రోడ్డుపక్కది కాకుండా శుభ్రమైన చోటునుంచి తెచ్చి నాటుకోండి. జొన్నలు మాత్రం చల్లకండి. లేత జొన్నపైరు మేసి పశువులకు నాము తగలడం మన రైతులు చూసినదే. ఆ లేత ఆకులో సయనైడ్ పుట్టించే పదార్థం ఉంటుంది. ఆ గడ్డి కుండీ రుచి మరిగాక చాలా పిల్లులు మిగతా మొక్కల జోలికి పోవడం తగ్గిస్తాయి.

చివరగా, ఇంత జాగ్రత్తపడ్డా పిల్లి ఏదో తినేసింది అనుకుందాం. ముందు నోట్లో మిగిలిన ముక్కలు తీసేయండి. లిల్లీ పుప్పొడి ఒంటిమీద కనిపిస్తే తడిగుడ్డతో తుడిచేసి, నాక్కోకుండా తువ్వాలులో చుట్టండి. ఉప్పునీళ్లు పట్టించి కక్కించే ప్రయత్నం చేయొద్దు. ఉప్పు ఇంకో విషమవుతుంది, కక్కింది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తిన్నది లిల్లీ, సైకాస్, గన్నేరు, అడీనియం, కలంచోల్లో ఏదైనా అయితే లక్షణాల కోసం ఎదురుచూడకండి. బాగానే ఆడుకుంటున్నా సరే, అర్ధరాత్రి అయినా సరే బయల్దేరండి. మీకు దగ్గర్లో రాత్రిపూట తెరిచి ఉండే పశువైద్యశాల ఏదో ఇవాళే కనుక్కుని ఫోన్లో నంబరు రాసిపెట్టుకోండి. రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరాల్లో పశువైద్య కళాశాలలు ఉన్నాయి. ఆ చుట్టుపక్కల ఉండేవాళ్లు వాటి ఆసుపత్రి వేళలు కూడా తెలుసుకుని పెట్టుకోవచ్చు. వెళ్లేటప్పుడు పిల్లి కొరికిన మొక్క కొమ్మ ఒకటి తుంచి కవర్లో వేసుకుని వెళ్లండి. ఎంత తిన్నదో, ఎన్నింటికి తిన్నదో కాగితం మీద రాసుకోండి. కంగారులో డాక్టరు అడిగినప్పుడు గుర్తుకు రాదు.